కళ్ళొస్తేనే కథ కంచికి!

మన కథానాయికలను ఒక్కసారి వరసగా నిలబెట్టి చూడండి. చెంపకు చారెడేసి కళ్ళు, కోకిల కంఠం, హంస నడక! చూపు లేని పిల్లో, మాట రాని పిల్లో కథలో ఉన్నా, నాయికకు చెల్లెలిగానో పక్కింటి అభాగ్యురాలిగానో ఓ మూల కూర్చుని ఉంటుంది. నాయికగారిది ఎంత జాలిగుండెో మనకు తెలియజెయ్యడమే ఆ పిల్ల పని. మరి అలాంటి పిల్లే నాయికైతే? ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తే, నాకు దాదాపు నూట యాభై ఏళ్ళ దారి కనిపించింది.

పురాణాల్లో ఈ చిక్కు తేలిగ్గా తీరిపోయేది. మధురలో తనకు గంధం ఇచ్చిన కుబ్జను కృష్ణుడు ఇట్టే నిటారుగా నిలబెట్టేశాడు. నవలలు వచ్చాక కూడా మన రచయితలు ఆ సులువు మరిచిపోలేదు. బంకించంద్రుడి 'రజని' 1877లో పుస్తకంగా వచ్చింది. అందులో రజని కలకత్తాలో పూలమ్ముకునే పిల్ల, పుట్టుగుడ్డి. తన కథ తనే చెప్పుకుంటుంది. పూల స్పర్శతో, మనుషుల గొంతులతో లోకాన్ని పోల్చుకుంటుంది, గొంతు విని, చేయి తగిలి ప్రేమలో పడుతుంది. ఎంత బాగుందనుకున్నారు! కానీ చివరికొచ్చేసరికి ఆస్తి కలిసొచ్చింది, కోరుకున్నవాడు మొగుడయ్యాడు, సన్యాసి దయవల్ల కళ్ళూ వచ్చేశాయి. కళ్ళు రాకుండా ఆ పిల్ల సుఖపడిందంటే పాఠకులు నమ్మరని బంకించంద్రుడికి అనిపించిందేమో!

రవీంద్రుడు అలా సర్దిపెట్టలేదు. 1893 నాటి 'సుభ' కథలో మూగపిల్ల పేరు సుభాషిణి. చక్కగా మాట్లాడేదని అర్థం! పుట్టినప్పుడు ఎవరికి తెలుసు పాపం? అక్కలు సుకేశిని, సుహాసిని కదా అని ప్రాసకోసం పెట్టిన పేరది. కన్నతల్లే ఆ పిల్లను తన ఒంటి మీద మచ్చలా చూస్తుంది. ఆ పిల్ల మనసు తెలిసినవి గోశాలలోని రెండు ఆవులు. పెళ్ళి కాకపోతే వెలివేస్తారన్న భయంతో తల్లిదండ్రులు కలకత్తా తీసుకెళ్ళి, సంగతి దాచి, ముడిపెట్టించేశారు. నాలుగు రోజుల్లో నిజం బయటపడింది. మొగుడు మాట్లాడే పిల్లను తెచ్చుకున్నాడు. పిల్ల లోపం దాచి కన్యాదానం చేసినవాడికి మనువు 96 పణాల జరిమానా వేశాడు. ఆ మోసంలో పిల్లకు కలిగిన నష్టానికి ఎన్ని పణాలో మాత్రం అందులో లేదు!

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1898లో రవీంద్రుడే రాసిన 'దృష్టిదానం'. వైద్యం చదువుతున్న మొగుడు, వేరే డాక్టరెందుకు నేను లేనా అని తనే చికిత్స చేసి భార్య కళ్ళు పోగొడతాడు. ఆవిడ నోరెత్తదు. జన్మలో మరో పెళ్ళి చేసుకోనని ఒట్టేసినవాడే, కొన్నాళ్ళకు రెండో పెళ్ళికి బయల్దేరతాడు. ఆ పెళ్ళి తప్పిపోయి తిరిగొచ్చాక అసలు బాధ బయటపెడతాడు: భార్యను దేవతను చేసి కూర్చోబెట్టాడట, దేవతతో కాపురం ఎలా చెయ్యడం? తనూ అందరిలాంటి ఆడదాన్నేనని ఆవిడ సమాధానం. సన్యాసీ రాలేదు, కళ్ళూ రాలేదు. అయినా ఆ కథ మన మనసులో నిలిచిపోయింది. అంగలోపం ఉన్న స్త్రీని 'అయ్యో పాపం' అనడం ఎంత తప్పో, 'అబ్బ, దేవత!' అనడమూ అంతే తప్పని చెప్పిన కథ అది.

మన తెలుగువాళ్ళకు ఈ సంగతి కళ్ళారా చూసే అవకాశం 'మయూరి' సినిమాతో వచ్చింది. 1981లో రోడ్డు ప్రమాదం తర్వాత కాలు పోగొట్టుకున్న నర్తకి సుధాచంద్రన్, సింగీతం శ్రీనివాసరావుగారి దర్శకత్వంలో తన కథలో తనే నటించింది. కృష్ణుడూ సన్యాసీ చెయ్యాల్సిన పని అక్కడ జైపూర్ కాలు చేసింది. 1968 ప్రాంతంలో డాక్టర్ సేఠీతో కలిసి దానికి రూపమిచ్చిన రామచంద్ర శర్మ డాక్టరు కాదు, చేతిపనివాడు. చెప్పుల్లేకుండా నడవాలి, నేల మీద కూర్చోవాలి అనే మన అలవాట్లు ఎరిగి చేసిన కాలది. అయితే అది తగిలించుకోగానే నాట్యం రాలేదు. మళ్ళీ మొదటి అడుగునుంచి నేర్చుకోవాల్సి వచ్చింది, నొప్పి ఓర్చుకుంటూ.

2014లో వచ్చిన 'మార్గరీటా విత్ ఎ స్ట్రా' సినిమాలో లైలా చక్రాల కుర్చీలో తిరిగే కాలేజీ పిల్ల, సెరిబ్రల్ పాల్సీ మనిషి. ఒక్క వేలితో టైపు చేసి ఆత్మకథ రాసుకున్న మాలినీ చిబ్ జీవితమే దానికి స్ఫూర్తి. లైలా అల్లరి చేస్తుంది, ప్రేమిస్తుంది, తప్పులు చేస్తుంది, తల్లితో పోట్లాడుతుంది. చివర్లో జబ్బు నయం కాదు, పెళ్ళీ కాదు. ముస్తాబై, తనకు తనే తోడుగా షికారుకు వెళ్తుంది. దేవతగా ఉండలేనన్న ఆ బెంగాలీ ఇల్లాలికి ఈ పిల్ల మునిమనుమరాలు అనిపించింది నాకు. ఆ పాత్ర వేసిన నటికి మాత్రం ఆ లోపం లేదు. సుధాచంద్రన్‌కు దొరికిన అవకాశం అందరికీ దొరకడం లేదన్నమాట.

పాఠకులం మనమూ తక్కువ తిన్లేదు లెండి! సుఖాంతం కావాలంటాం. చూపు లేని నాయిక తారసపడితే, చివరి పేజీకి వెళ్ళి కళ్ళొచ్చాయో లేదో చూసుకుంటాం. ఈసారి అలాంటి కథ చేతికొస్తే, మధ్య పేజీలు కూడా చదవండి. ఆ పిల్లకు ఏ కూరంటే ఇష్టమో, ఎవరి మీద కోపమో, ఏ ఉద్యోగం చెయ్యాలనుందో రచయిత చెప్పాడా అని వెతకండి. అది చెప్పిన కథలో కళ్ళు రాకపోయినా, మనకేం లోటనిపించదు.