క్యాన్సర్ కణానికే గురి: ఒక మందు పుట్టుపూర్వోత్తరాలు

నిర్మల్ పక్క ఊళ్లో ఎవరికైనా రక్త క్యాన్సర్ అని తేలితే ఇంటిల్లిపాదీ ఆశలు వదులుకునే కాలం ఒకటుండేది. ఇవాళ దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా వచ్చినవాళ్లలో చాలామంది హైదరాబాద్‌లో పరీక్షలు చేయించుకుని, రోజూ మాత్ర వేసుకుంటూ ఏళ్ల తరబడి తమ పనులు తాము చేసుకుంటున్నారు. ఆ మాత్ర పేరు ఇమాటినిబ్. దాని వెనుక కథలో తెలుగువాళ్లూ ఉన్నారు.

మనిషిని వదిలి రోగకారకాన్ని మాత్రమే కొట్టే మందు కావాలని ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిచ్ ఆశించాడు. బయటి నుంచి వచ్చిన సూక్ష్మజీవి విషయంలో అది సాధ్యపడింది. క్యాన్సర్ కణం మన ఒంట్లో పుట్టిందే కాబట్టి దాన్ని వేరుచేసి కొట్టడం కష్టమైంది. 1942లో అమెరికాలో క్యాన్సర్‌కు వాడిన నైట్రోజన్ మస్టర్డ్, యుద్ధ విషవాయువుల జాతిది. మంచి కణాలనూ వదిలేది కాదు.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మరో దారి చూపారు. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. అచ్చం దానిలాగే కనిపించి పని అడ్డగించే అమినోప్టెరిన్‌ను అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు దాన్ని ల్యుకేమియా సోకిన 16 మంది పిల్లలకు ఇస్తే పదిమందిలో జబ్బు తాత్కాలికంగా తగ్గింది. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్ కుటుంబంలోదే అయిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. కానీ వేగంగా చీలే కణాలన్నిటినీ అది తాకుతుంది. అందుకే నోటిపూత, రక్తకణాలు పడిపోవడం.

క్యాన్సర్ కణానికీ మంచి కణానికీ మధ్య కచ్చితమైన తేడా 1960లో దొరికింది. దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా రోగుల కణాల్లో అతిచిన్న క్రోమోజోమ్ ఒకటి ఫిలడెల్ఫియాలో కనబడింది. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారవడమే కారణమని 1973లో శాస్త్రవేత్త జానెట్ రౌలీ తేల్చారు. ఆ అతుకుతో బీసీఆర్-ఏబీఎల్ అనే ఎంజైమ్ పుట్టి, కణాన్ని ఆగకుండా చీలమంటుంది. ఆరోగ్యవంతమైన కణంలో అది ఉండదు. ఎంజైమ్‌కు శక్తినిచ్చే ఏటీపీ అణువు కూర్చునే గూట్లో ఇమాటినిబ్ దూరి, ఆ ఆజ్ఞను ఆపేస్తుంది. నికోలస్ లిడన్, బ్రయాన్ డ్రూకర్ వంటి శాస్త్రవేత్తల కృషితో 2001 మేలో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. వేరే ఎంజైములు కొన్నిటిని కూడా తాకుతుంది కనుక దుష్ప్రభావాలు పూర్తిగా పోలేదు, బాగా తగ్గాయి.

అయితే ఇమాటినిబ్‌ను తెచ్చిన నోవార్టిస్ కంపెనీ మందు ఖర్చు నెలకు లక్ష రూపాయలు దాటేది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో కంపెనీ 2003లో వీనాట్ పేరుతో తెచ్చిన మాత్ర అందులో పదోవంతు ధరకే దొరికింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ పేటెంట్ వాదనను తిరస్కరించడంతో చవక మందుకు దారి నిలిచింది.

సుబ్బారావు కాలం నుంచి క్యాన్సర్ వైద్యం ఇంత దూరం వచ్చింది. ఈ మాత్ర వాడేవారికి ఒక్క మాట: ఒంట్లో బాగుందని మీ అంతట మీరు ఆపకండి, ఒక్క పూటా మానకండి. మానితే జబ్బు తిరగబెట్టొచ్చు, మందుకు లొంగకుండానూ పోవచ్చు.