పంజాబ్ రాష్ట్రం వర్సెస్ దవీందర్ సింగ్ కేసు

పంజాబ్ రాష్ట్రం వర్సెస్ దవీందర్ సింగ్ కేసు, షెడ్యూల్డ్ కులాల వర్గీకరణపై భారత సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న తీర్పు వెలువరించిన వ్యాజ్యము. షెడ్యూల్డ్ కులాలకు కేటాయించిన రిజర్వేషన్లను ఆ కులాల మధ్య వాటాలుగా విభజించే అధికారము రాష్ట్రాలకు కలదని ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 6:1 ఆధిక్యతతో నిర్ణయించినది. ఆంధ్ర ప్రదేశ్ వర్గీకరణ చట్టాన్ని కొట్టివేసిన 2004 నాటి ఇ.వి.చిన్నయ్య కేసు తీర్పు దీనితో చెల్లకుండా పోయినది. కేసు పంజాబుదైనా దాని వెనుకనున్న వాదము బలపడినది తెలుగు నేలపైనే.

నేపథ్యము

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో షెడ్యూల్డ్ కులాలకు 15 శాతము రిజర్వేషన్లు ఉండేవి. వీటిలో అధిక భాగము మాలలకే అందుతున్నదని, తమ జనాభాకు తగిన వాటా రావడము లేదని మాదిగలు వాదించారు. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుమూడి గ్రామములో మంద కృష్ణ మాదిగ నాయకత్వాన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి ఏర్పడినది. ఈ "దండోరా" ఉద్యమము తరువాతనే పేరు చివర మాదిగ అని సగర్వముగా వ్రాసుకొనడము వాడుకలోకి వచ్చినది.

జస్టిస్ పి.రామచంద్రరాజు కమిషన్ నివేదికపై ఆధారపడి రాష్ట్ర ప్రభుత్వము 1997లో ఇచ్చిన ఉత్తర్వులను హైకోర్టు కొట్టివేసినది. పిదప 2000లో శాసనసభ చట్టము చేసినది. దీని ప్రకారము రెల్లి తదితర కులాలకు (ఎ) 1, మాదిగ తదితరులకు (బి) 7, మాల తదితరులకు (సి) 6, ఆది ఆంధ్ర తదితరులకు (డి) 1 శాతము లభించినది. వర్గీకరణ దళితుల ఐక్యతను చీల్చునని మాల సంఘాలు తీవ్రముగా వ్యతిరేకించాయి.

చిన్నయ్య తీర్పు

2004 నవంబరు 5న అయిదుగురు న్యాయమూర్తులు ఈ చట్టము చెల్లదని తీర్పునిచ్చారు. రాజ్యాంగము 341వ అధికరణము క్రింద రాష్ట్రపతి ప్రకటించిన జాబితాలోని కులాలన్నీ ఒకే వర్గమనియు, ఆ జాబితాను మార్చు అధికారము పార్లమెంటుకే కలదనియు వారి అభిప్రాయము. దీనితో నాలుగేండ్లపాటు అమలైన వర్గీకరణ నిలిచిపోయినది. 2007లో కేంద్రము నియమించిన జస్టిస్ ఉషా మెహ్రా కమిషన్ రాజ్యాంగ సవరణను సూచించినా అది జరుగలేదు.

పంజాబు వివాదము

పంజాబు 1975 నుండి షెడ్యూల్డ్ కులాల కోటాలో సగము వాల్మీకులకు, మజ్హబీ సిక్కులకు ముందుగా ఇచ్చుచుండెను. చిన్నయ్య తీర్పు దీనికీ అడ్డు వచ్చినది. ఇదే నియమాన్ని 2006లో చట్టముగా చేయగా, 2010లో పంజాబ్, హర్యానా హైకోర్టు కొట్టివేసినది. అప్పీలు విన్న సుప్రీంకోర్టు 2020లో చిన్నయ్య తీర్పును పునఃపరిశీలించవలెనని విస్తృత ధర్మాసనానికి నివేదించినది.

2024 తీర్పు

జాబితాలో చేర్చినంత మాత్రాన అన్ని కులాల స్థితి ఒకటి కాదని ప్రధాన న్యాయమూర్తి డి.వై.చంద్రచూడ్ వ్రాశారు. వాటాలు పంచుట వలన జాబితాలోకి ఎవరూ చేరరు, ఎవరూ తొలగరు గనుక 341వ అధికరణానికి భంగము లేదన్నది ఈ వాదములోని కీలకము. అయితే వెనుకబాటును, ఉద్యోగాలలో తగిన ప్రాతినిధ్యము లేకపోవుటను ప్రభుత్వము గణాంకాలతో నిరూపించవలెను. మొత్తము కోటాను ఒకే కులానికి ఇచ్చివేయరాదు. జస్టిస్ బేలా త్రివేది మాత్రము చిన్నయ్య తీర్పే సరియైనదని విభేదించారు.

జస్టిస్ బి.ఆర్.గవాయ్ సహా నలుగురు న్యాయమూర్తులు షెడ్యూల్డ్ కులాలకూ సంపన్న శ్రేణి నియమము వర్తింపజేయవలెనన్నారు. అసలు వివాదములో ఆ ప్రశ్న లేదు. పత్రికలలో మాత్రము దానిపైనే ఎక్కువ చర్చ జరిగినది. కేంద్ర మంత్రివర్గము కొద్ది రోజులకే దీనిని తోసిపుచ్చినది.

తెలుగు రాష్ట్రాలలో అమలు

జస్టిస్ షమీమ్ అక్తర్ కమిషన్ నివేదిక అనంతరము తెలంగాణ చట్టము 2025 ఏప్రిల్ 14 నుండి అమలులోకి వచ్చినది. 59 కులాలను మూడు వర్గాలుగా చేసి 1, 9, 5 శాతముల చొప్పున పంచారు. ఆంధ్ర ప్రదేశ్ అదే నెలలో ఆర్డినెన్సు ద్వారా రెల్లి వర్గానికి 1, మాదిగ వర్గానికి 6.5, మాల వర్గానికి 7.5 శాతము కేటాయించినది. వందలో అర ఉద్యోగమివ్వడము సాధ్యము కాదు గనుక అక్కడ 200 పాయింట్ల రోస్టరు అవసరమైనది.