అపోప్టోసిస్ - పెద్దపేగు క్యాన్సర్ జన్యువులు

కణం తనలోని జన్యు ఆదేశాల ప్రకారం చనిపోవడమే అపోప్టోసిస్. దెబ్బ తగిలి చచ్చే కణం ఉబ్బి, పగిలి, చుట్టూ వాపు తెస్తుంది. అపోప్టోసిస్‌లో చనిపోయే కణం మాత్రం ముడుచుకుంటుంది, డీఎన్‌ఏ ముక్కలవుతుంది, మిగిలినదాన్ని పొరుగు కణాలు మింగేస్తాయి. 1972లో జాన్ కెర్, ఆండ్రూ వైలీ, అలస్టేర్ కర్రీ ఈ ప్రక్రియను వర్ణించి పేరు పెట్టారు.

పెద్దపేగు లోపలి పొర కొద్ది రోజులకే కొత్తదవుతుంది. పుట్టే కణాలకూ పోయే కణాలకూ లెక్క తప్పితే పాలిప్ అనే చిన్న కండ పెరుగుతుంది. ఐదో క్రోమోజోమ్‌పై ఉన్న ఏపీసీ జన్యువును 1991లో గుర్తించారు. దాని లోపం వారసత్వంగా వచ్చినవారి పేగులో వందల పాలిప్‌లు మొలుస్తాయి. చికిత్స లేకపోతే అవి క్యాన్సర్‌గా మారడం దాదాపు ఖాయం.

ఒక్క జన్యువు చెడితే సరిపోదని, మార్పులు మెట్టుమెట్టుగా పోగుపడాలని 1990లో శాస్త్రవేత్తలు ఫియరన్, వోగెల్‌స్టీన్ ప్రతిపాదించారు. ఆ మెట్లలో చెడే ముఖ్యమైన జన్యువు పీ53. అది లేని ఎలుకల థైమస్ కణాలు రేడియేషన్ తగిలినా చావవని 1993లో వైలీ బృందం చూపింది. మరో బృందమూ అదే తేల్చింది. డీఎన్‌ఏ దెబ్బతిన్నా బతికి విభజన చెందే కణం ఎంత ప్రమాదకరమో అర్థం చేసుకోవడానికి ఈ ప్రయోగాలే గట్టి ఆధారం.

పెద్దపేగు క్యాన్సర్‌కు దారితీసే మరో వారసత్వ లోపమైన లించ్ సిండ్రోమ్ దారి వేరు. అందులో ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2 వంటి డీఎన్‌ఏ మరమ్మతు జన్యువులు పనిచేయవు.

రక్తసంబంధీకుల్లో ఎవరికైనా యాభై ఏళ్లలోపే పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా వైద్యుణ్ని కలిసి జన్యు పరీక్ష, కొలనోస్కోపీ గురించి అడగాలి.