స్థానం నరసింహారావు నటజీవితం: స్త్రీపాత్ర - మాధ్యమం - చరిత్ర

ప్రవేశిక

తెలుగు నాటకరంగంలో స్త్రీపాత్రలు ధరించిన పురుషుల ప్రస్తావన వచ్చినప్పుడు మొదట స్ఫురించే పేరు పద్మశ్రీ స్థానం నరసింహారావు (1902-1971). ఆయనను గురించి వెలువడిన రచనల్లో అధికభాగం ప్రశంసాత్మకమైనవి. రంగం మీద అచ్చంగా స్త్రీలాగే కనిపించేవారన్న ఒక్క మాట చుట్టూ ఆ ప్రశంస తిరుగుతూ ఉంటుంది. చూసినవారు చెప్పిన మాట కనుక దానిని తోసిపుచ్చలేం. కాని ఆ మాట దగ్గరే ఆగిపోతే ఆయన కళ అద్భుతంగా మిగులుతుందే తప్ప చరిత్రలో భాగం కాదు. ఆయన రంగం మీద నిలిపిన స్త్రీలు ఎటువంటివారు? ఆ కళ రంగస్థలాన్ని దాటి వెండితెరకూ రేడియోకూ చేరినప్పుడు ఏమైంది? ఈ రెండు ప్రశ్నల వెలుగులో ఆయన నటజీవితాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బాపట్ల నుంచి తెనాలికి

1880లో ధార్వాడ నాటక సమాజం తెలుగుదేశంలో ప్రదర్శనలిచ్చిన తరువాత మనకు ఆధునిక నాటకం పట్ల ఆసక్తి పెరిగింది. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం, బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆ ఉత్సాహానికి రూపమిచ్చారు. ఆ సమాజాలు పురుషులవి. వకీళ్ళు, ఉపాధ్యాయులు, గుమాస్తాలు వేషాలు కట్టేవారు. స్త్రీపాత్రలను మీసం రాని యువకులకు అప్పగించేవారు. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక సమాజం ఒక్కటే దీనికి గట్టి మినహాయింపు. కుటుంబమంతా కలిసి నడిపే సమాజం కనుక అక్కడ స్త్రీలే స్త్రీపాత్రలు వేశారు. ఈ మినహాయింపును మనం తరచుగా పాదసూచికలో చెప్పి వదిలేస్తాం. అది సరికాదు. స్త్రీలు నటించడం అసాధ్యమైనందువల్ల పురుషులు ఆ వేషాలు కట్టారనే వాదాన్ని సురభి ఒక్కటే పూర్వపక్షం చేస్తుంది. అసాధ్యమైనది నటన కాదు, గౌరవకుటుంబాల స్త్రీలు పదిమంది ఎదుట నిలబడటం.

స్థానం గుంటూరు మండలంలోని బాపట్లలో 1902 సెప్టెంబరు 23న జన్మించారు. 1920లో అక్కడ హరిశ్చంద్ర నాటకం ఆడవలసిన రోజున చంద్రమతి పాత్రధారి రాలేదు. ఆ లోటు తీర్చడానికి ఆయన మొదటిసారిగా రంగమెక్కారు. తరువాత తెనాలి రామవిలాస సభలో చేరారు. ఆయన కీర్తికి పునాది పడింది అక్కడే.

ఎవరీ స్త్రీలు?

చంద్రమతితో మొదలైన నటుడు చంద్రమతి దగ్గర ఆగలేదన్నది గమనించవలసిన సంగతి. ఆయనకు పేరు తెచ్చిన పాత్రలు వేరు. శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ, సారంగధరలో చిత్రాంగి, విప్రనారాయణలో దేవదేవి, కాళ్ళకూరి నారాయణరావు చింతామణిలో నాయిక, గురజాడ కన్యాశుల్కంలో మధురవాణి, కొప్పరపు సుబ్బారావు నాటకంలో మొగలు రాజకుమారి రోషనార. వీరిలో సహనానికి మారుపేరైన పతివ్రత ఒక్కతె కూడా లేదు. సత్యభామ భర్తను శాసించగలనని నమ్మిన స్త్రీ. చిత్రాంగి సవతి కొడుకును మోహించినది. చింతామణి, మధురవాణి, దేవదేవి వేశ్యలు. వీరందరూ కోరికను మాటలో చెప్పేవారు, మగవాణ్ణి ఆడించేవారు, అతడి లెక్కలను తలకిందులు చేసేవారు.

వీరందరినీ ఒకే లాలిత్యంతో, ఒకే వయ్యారంతో చూపడం కుదరదు. మధురవాణి చాతుర్యం మాటలో ఉంది. ఆమె గిరీశాన్నీ రామప్పంతులునూ ఎగతాళి చేస్తున్నప్పుడు వారికి తెలియకూడదు, ప్రేక్షకుడికి తెలియాలి. చింతామణికి పద్యం, రాగం కావాలి, చివర విరక్తి కూడా కావాలి. సత్యభామ గర్వంలో ప్రేమ వినపడకపోతే ఆమె గయ్యాళి అయిపోతుంది. కాబట్టి స్థానం ప్రతిభ స్త్రీని అనుకరించడంలో లేదు, ఒక స్త్రీకీ మరొక స్త్రీకీ మధ్య ఉన్న తేడాను నిలబెట్టడంలో ఉందని నా అభిప్రాయం. అచ్చంగా స్త్రీలాగే ఉన్నారన్న ప్రశంస ఈ తేడానే మరుగుపరుస్తుంది.

ఇక్కడ ఇబ్బందికరమైన ఒక విషయం చెప్పక తప్పదు. ఆయన ఈ వేషాలు కడుతున్న దశాబ్దాల్లోనే వేశ్యావ్యతిరేకోద్యమం బలపడింది. కందుకూరి కాలంలో మొదలైన ఆ ఉద్యమం 1947 నాటి మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం వరకు సాగింది. పెళ్ళిళ్ళలో మేజువాణీలు ఆగిపోయాయి. తరతరాలుగా అభినయం, సంగీతం నేర్చిన కళావంతుల స్త్రీలు వేదిక కోల్పోయారు. వేశ్యను గౌరవసభ నుంచి తొలగించిన సమాజమే వేశ్యపాత్రను పురుషుడు కడితే టిక్కెట్టు కొని చూసింది. ఇందులో నటుడి దోషం లేదు. అయినా ఆయన కళకు దొరికిన చోటు మరొకరు ఖాళీ చేయవలసి వచ్చిన చోటేనని నాటకరంగ చరిత్రకారుడు గుర్తించాలి. ఈ అసమానతను ఆనాడే గుర్తించినవారు లేకపోలేదు. బళ్ళారి రాఘవ స్త్రీపాత్రలను స్త్రీలే ధరించాలని వాదించి, కొమ్మూరి పద్మావతీదేవి వంటివారితో కలిసి నటించారు.

నటుడే రచయిత

ముత్తరాజు సుబ్బారావు రచించిన శ్రీకృష్ణ తులాభారం ఇవాళ చాలామందికి 'మీరజాలగలడా' పాట వల్ల తెలుసు. ఆ పాట నాటకకర్తది కాదు, స్థానం స్వయంగా రాసుకొని పాడినది. కృష్ణుడు తన మాట దాటలేడన్న సత్యభామ ధీమా ఆ పాటకు ప్రాణం. ఒకే పల్లవిని పలుమార్లు తిప్పి, ప్రతిసారీ భావం మార్చి పాడేవారని ప్రతీతి. పద్యనాటకంలో రచయిత ప్రతికీ రంగప్రతికీ మధ్య ఎంత దూరం ఉండేదో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది. మన విశ్వవిద్యాలయాల్లో నాటక పరిశోధన అధికంగా ముద్రిత ప్రతి మీదనే సాగుతున్నది. ఆ పద్ధతిలో చూస్తే తులాభారంలోని అత్యంత ప్రసిద్ధ ఘట్టానికి కర్త కనిపించడు.

వెండితెర మీద కృష్ణుడు

1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతి పాత్రను సురభి కమలాబాయి ధరించారు. అంటే తెలుగు సినిమా మాట్లాడటం మొదలుపెట్టిన నాడే స్త్రీపాత్ర స్త్రీకి దక్కింది. రంగస్థలం మీద స్థానం ఉచ్చస్థితిలో ఉన్న కాలమది.

ఆయన కూడా సినిమాకు వెళ్ళారు. 1942లో విడుదలైన సత్యభామ చిత్రంలో సత్యభామగా పుష్పవల్లి నటించారు. స్థానం వేసినది కృష్ణుడి వేషం. రెండు దశాబ్దాలుగా తెలుగువారికి సత్యభామ అంటే ఎవరో, ఆయనే ఆ పేరుగల చిత్రంలో ఆమె ఎదుట నిలిచిన పురుషుడయ్యారు. దీనిని విధివైచిత్రి అని వదిలేయవచ్చు. నాకు ఇందులో మాధ్యమ స్వభావం కనిపిస్తుంది. పందిట్లో, దీపాల వెలుతురులో, దూరంగా కూర్చున్న ప్రేక్షకుడు సగం వేషాన్ని తానే పూరించుకుంటాడు. ఎదుట ఉన్నది పురుషుడని అతడికి తెలుసు. తెలిసి కూడా అంగీకరిస్తాడు, ఆ అంగీకారంలోనే అతడి ఆనందం ఉంది. కెమెరా ముఖానికి దగ్గరగా వస్తుంది. దానితో అటువంటి ఒప్పందం కుదరదు. పైగా నిర్మాతకు నటీమణులు దొరుకుతున్నప్పుడు ఆ ఒప్పందం అవసరమూ లేదు.

కళ్యాణం రఘురామయ్యతో పోల్చి చూస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. ఆయన కూడా తొలిరోజుల్లో స్త్రీపాత్రలు ధరించినవారే. తరువాత కృష్ణుడి పాత్రకు మారి, రంగం మీదా తెర మీదా కొనసాగారు. స్థానం మాత్రం రంగస్థల సత్యభామగానే నిలిచిపోయారు.

తరువాతి కాలం

1956లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో సత్కరించింది. ఉత్తరవయస్సులో హైదరాబాదు ఆకాశవాణి కేంద్రంతో ఆయనకు అనుబంధం ఉండేది. రేడియోకు చీరకట్టుతో, కనుసన్నలతో పని లేదు, గొంతు ఒక్కటే ప్రమాణం. కెమెరా కోరిన పోలికను మైకు కోరదు. తన నటానుభవాలను ఆయన 'నటస్థానం' పేరుతో గ్రంథస్థం చేశారు. నటుడు తన పాత్రపోషణను తానే వివరించిన రచనలు తెలుగులో అరుదు కనుక ఆ పుస్తకాన్ని జీవితచరిత్రగా కంటే అభినయశాస్త్ర గ్రంథంగా చదవడం మేలు.

1971 ఫిబ్రవరి 21న ఆయన మరణించారు. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం వచ్చినది 1977లో. కూచిపూడిలో సత్యభామగా ప్రసిద్ధులైన వేదాంతం సత్యనారాయణ శర్మ అభినయం దృశ్యరూపంలో తరువాతి తరానికి చేరింది. స్థానం విషయంలో ఛాయాచిత్రాలు, గ్రామఫోను రికార్డుల్లోని గొంతు, చూసినవారి మాటలే పరిశోధకుడికి ఆధారాలు. వాటితో పాటు 1966 నాటి శ్రీకృష్ణ తులాభారం చిత్రం ఉంది. అందులో సత్యభామగా జమున, ఆమెకు గొంతునిచ్చినవారు పి. సుశీల. తరగతిలో 'మీరజాలగలడా' అనగానే విద్యార్థులకు గుర్తుకు వచ్చేది వారిద్దరే. ఆ పాట రచయిత ఎవరని అడిగితే సాధారణంగా సమాధానం రాదు. స్థానం అప్పటికి జీవించే ఉన్నారు.