సిట్రోయెన్ ఎస్‌ఎం: యజమానుల జ్ఞాపకాలలో ఒక ఫ్రెంచి కూపే

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత ఫ్రాన్స్‌లో చిన్న కార్లకూ, కుటుంబాల అవసరాలకు సరిపోయే కార్లకూ కొదవ లేకపోయినా, దూరప్రయాణాన్ని అతివేగంగా, అలసట తెలియకుండా సాగించగల పెద్ద కారు మాత్రం క్రమంగా కనుమరుగైంది. దీనికి ముఖ్యకారణాలలో ఒకటి అక్కడి పన్ను విధానం. ప్రతి కారుకూ ప్రధానంగా దాని ఇంజిన్ పరిమాణాన్నిబట్టి ప్రభుత్వం ఒక ‘పన్ను అశ్వశక్తి’ని లెక్కగట్టేది, ఇది ఇంజిన్ నిజంగా ఇచ్చే శక్తి కాదు, పన్ను విధించడం కోసం నిర్ణయించిన అంకె మాత్రమే, ఆ అంకె ఒక హద్దు దాటితే ఏటా చెల్లించవలసిన మొత్తం ఒక్కసారిగా పెరిగిపోయేది. యుద్ధానికి పూర్వం పేరుమోసిన దెలాయే, తాల్బో వంటి సంస్థలు 1950ల చివరికల్లా రంగం నుంచి తప్పుకున్నాయి. అమెరికా ఇంజిన్లు అమర్చుకొని కొంతకాలం నిలదొక్కుకున్న ఫాసెల్ వేగా 1964లో మూతపడింది. ఈ ఖాళీని పూరించే ఉద్దేశంతో సిట్రోయెన్ సంస్థ 1970 మార్చిలో జెనీవా మోటారు ప్రదర్శనలో ఆవిష్కరించిన కూపే, అంటే రెండు తలుపులూ వెనుకకు వాలిన కప్పూ గల కారు, ఎస్‌ఎం. అయిదేళ్లు మాత్రమే తయారైన ఈ కారు చరిత్రను సాధారణంగా ఒక సంస్థ ఆర్థిక పతనంలో భాగంగా చెప్పడం పరిపాటి అయింది. అయితే దానిని కొని, నడిపి, చెడిపోయినప్పుడు బాగుచేయించి, కొన్ని సందర్భాలలో తామే బాగుచేసుకొని నిలబెట్టుకున్న యజమానుల జ్ఞాపకాలను పరిశీలిస్తే కనిపించే చరిత్ర వేరు. ఈ కారును అర్థం చేసుకోవడానికి కంపెనీ లెక్కల కంటే ఆ జ్ఞాపకాలే ఎక్కువ ఉపకరిస్తాయి.

ఎస్‌ఎం రెండు వేర్వేరు విద్యల కలయిక. అందులో మొదటిది సిట్రోయెన్ సొంత విద్య. 1955లో వెలువడిన డీఎస్ అనే కారుతో ఆ సంస్థ, ఇంజనీరు పాల్ మజేస్ రూపొందించిన ‘హైడ్రోన్యూమాటిక్’ సస్పెన్షన్‌ను, అంటే ఉక్కు స్ప్రింగులకు బదులు ద్రవం, వాయువు కలిసి కారు బరువును మోసే ఏర్పాటును నాలుగు చక్రాలకూ ప్రవేశపెట్టింది. ప్రతి చక్రానికీ ఒక లోహపు గోళం ఉంటుంది. అందులో ఒక పలుచని రబ్బరు పొరకు పైన నత్రజని వాయువు, కింద ద్రవం ఉంటాయి. చక్రం గతుకులో పడినప్పుడు ద్రవం పొరను నెట్టగా వాయువు కుంచించుకొని ఆ కుదుపును మింగివేస్తుంది. ఇంజిన్‌తో తిరిగే పంపు ఈ ద్రవాన్ని సాధారణ వాతావరణ పీడనానికి 150 రెట్లు, ఇంకా మించిన పీడనంలో నిలువచేసి సస్పెన్షన్‌కు, బ్రేకులకు, స్టీరింగ్‌కు పంచుతుంది. రెండవది ఇటలీలోని మోడెనా నగరానికి చెందిన మసెరాటి విద్య. పందెపు కార్లతో ఖ్యాతి గడించిన మసెరాటిని 1968లో సిట్రోయెన్ తన అధీనంలోకి తెచ్చుకొని, ముందు చక్రాలను తిప్పే ఒక పెద్ద కారుకు సరిపోయే ఇంజిన్‌ను తయారుచేయవలసిందిగా అక్కడి ప్రధాన ఇంజనీరు జూలియో ఆల్ఫియేరిని కోరింది. ఆయన రూపొందించిన వి ఆకారపు ఆరు సిలిండర్ల ఇంజిన్ పరిమాణం 2,670 ఘన సెంటీమీటర్లు. పైన చెప్పిన పన్ను హద్దు లోపల ఉండేటట్లు ఆ పరిమాణాన్ని అంతటితో ఆపారు. మూడు కార్బ్యురేటర్లతో అది 170 అశ్వశక్తిని ఇచ్చి, దాదాపు 1,450 కిలోల కారును గంటకు 220 కిలోమీటర్ల వేగానికి చేర్చగలిగేది. ముందు చక్రాలతో నడిచే కారు అంత వేగం అందుకోవడం ఆ కాలానికి అసాధారణమైన విషయం.

బాహ్యరూపం రోబేర్ ఓప్రోన్ నేతృత్వంలో తయారైంది. ముందు భాగం వెడల్పుగా మొదలై వెనుకకు పోయేకొద్దీ సన్నబడే ఈ శరీరంలో వెనుక చక్రాల మధ్య దూరం ముందు చక్రాల మధ్య దూరం కంటే 20 సెంటీమీటర్లు తక్కువ. ముందు భాగమంతటా పరచిన గాజు పలక వెనుక ఆరు దీపాలు ఉంటాయి; వాటిలో లోపలి జంట స్టీరింగ్‌తోపాటు తిరుగుతూ మలుపు లోపలికి వెలుగు ప్రసరింపజేస్తుంది. రాత్రివేళ పర్వతమార్గాలలో ప్రయాణించినవారు మిగిలిన వాటి కంటే ముందుగా తలచుకునేది ఈ దీపాలనే. అమెరికా నిబంధనలు తిరిగే దీపాలను గానీ, వాటిపై గాజు పలకను గానీ అనుమతించకపోవడంతో అక్కడికి పంపిన కార్లలో నాలుగు స్థిరమైన గుండ్రని దీపాలు అమర్చవలసి వచ్చింది. అమెరికన్ యజమానులలో చాలామంది తరువాతి కాలంలో ఐరోపా దీపాలను తెప్పించి బిగించుకోవడం ఆ లోటు వారిని ఎంతగా బాధించిందో తెలియజేస్తుంది.

అయితే దేశం ఏదైనా, భాష ఏదైనా, యజమానుల జ్ఞాపకాలన్నిటిలో సమానంగా కనిపించే ఘట్టం తొలి మైలు ప్రయాణం. మామూలు కార్లలో స్టీరింగ్‌ను ఒక కొస నుంచి మరొక కొసకు తిప్పడానికి మూడు నాలుగు చుట్లు పట్టే కాలంలో ఎస్‌ఎంకు రెండే చుట్లు చాలు. దీనికి తోడు ‘దిరావి’ అని పిలిచే దాని స్టీరింగ్ ఏర్పాటులో, చేతులు వదిలిన వెంటనే ద్రవపీడనం కామ్ అనే ఒక లోహపు భాగాన్ని నొక్కి చక్రాలను తనంతట తానే నేరుగా తెచ్చేది. ఇంజిన్ తిరుగుతూ కారు నిలిచి ఉన్నప్పుడు సైతం ఇదే జరిగేది. వేగం పెరిగేకొద్దీ ఆ పీడనాన్ని పెంచే నియంత్రణ సాధనం కూడా ఉండటం వల్ల, ఊరిలో వేలితో తిప్పగలిగిన స్టీరింగ్ రహదారి మీద గట్టిపడి స్థిరంగా నిలిచేది; రోడ్డు మీది గతుకులు గానీ, పేలిన టైరు గానీ దానిని చేతుల్లోంచి లాగివేయలేకపోయేవి. అలవాటు లేనివారు మొదటి మలుపులో అవసరానికి మించి తిప్పి, ఆ తప్పును దిద్దబోయి మరొక వైపుకు అంతే ఎక్కువగా తిప్పి, కొంతసేపు రోడ్డు మీద అటూ ఇటూ ఊగిసలాడేవారు. బ్రేకుది కూడా ఇదే తీరు. పెడల్‌కు బదులు నేలమీద పుట్టగొడుగు ఆకారంలో ఒక రబ్బరు బొత్తాం ఉండేది. అది కాలికింద కిందికి దిగేది బహు స్వల్పం, కాలు మోపిన ఒత్తిడినిబట్టే బ్రేకు పడేది. కొత్తవారు మామూలు కారులో లాగా బలంగా తొక్కితే కారు ఉన్నచోటనే ఆగిపోయేది. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు వదిలేస్తే శరీరమంతా నేలకు దగ్గరగా దిగిపోయి, తిరిగి స్టార్ట్ చేయగానే పైకి లేచేది; పూర్తిగా లేచేదాకా ఆగి బయలుదేరడం యజమానులు తమ ఇంటివారికీ, కారును అప్పగించిన ప్రతి పనివానికీ నేర్పిన తొలి పాఠం.

ఈ వింతలను లోపాలుగా చూసిన విమర్శకులు తక్కువ కాలం నడిపి తీర్పు చెప్పినవారు. కొన్ని వారాలు గడిపినవారి అభిప్రాయం దాదాపు ఎల్లప్పుడూ దీనికి విరుద్ధంగా ఉంటుంది. పద్ధతి ఒంటబట్టిన తరువాత మామూలు కారు స్టీరింగే వదులుగా, బద్ధకంగా తోచిందని వారు చెప్పడం కేవలం అభిమానంతో అన్న మాట కాదు. ఒక్కసారిలో వందల కిలోమీటర్లు సాగే ప్రయాణాన్ని దృష్టిలో ఉంచుకొని రూపొందించిన ఏర్పాటు కనుక, ఎస్‌ఎం గుణం అటువంటి ప్రయాణంలోనే బయటపడుతుంది. పారిస్ నుంచి మధ్యధరా తీరానికి ఒక్క పగటిలో వెళ్లి, దిగిన తరువాత కూడా అలసట ఎరుగకపోవడం ఆ తరం యజమానులు పదేపదే స్మరించుకున్న అనుభవం. దాని దృఢత్వాన్ని శంకించినవారికి 1971లో మొరాకో రాలీలో, అంటే ఎడారి బాటలమీద రోజుల తరబడి సాగే పందెంలో, ఎస్‌ఎం సాధించిన విజయం సమాధానమయింది. 1972లో అమెరికాకు చెందిన ‘మోటార్ ట్రెండ్’ పత్రిక దానిని ఆ ఏటి మేటి కారుగా ఎంపిక చేసింది. అదే ఏడాది హెన్రీ షాప్రోన్ కార్ఖానా పొడిగించి, పైకప్పు తొలగించి, నాలుగు తలుపులు అమర్చిన రెండు ఎస్‌ఎంలు ఫ్రాన్స్ అధ్యక్షుని వాహనశ్రేణిలో చేరగా, మే నెలలో ఎలిజబెత్ రాణి పర్యటనలో అవి మొదటిసారి ప్రజల ఎదుటికి వచ్చాయి.

జ్ఞాపకాలలో రెండవ భాగం ఇంజిన్‌కు సంబంధించినది. ఆల్ఫియేరి ఇంజిన్‌లో వాల్వులను తెరిచి మూసే కామ్‌షాఫ్ట్‌లను, రెండు వరుసల సిలిండర్ల నడుమ అమర్చిన ఒక మధ్యషాఫ్ట్ ద్వారా చైన్లు తిప్పుతాయి. ఆ మధ్యషాఫ్టే ద్రవాన్ని తోడే పంపునూ, ఆల్టర్నేటర్‌నూ, అమర్చిన కార్లలో ఏసీ కంప్రెసర్‌నూ కూడా తిప్పవలసి ఉండటంతో, దానిని తిప్పే ప్రధాన చైను మీద ఎగుడుదిగుడు భారం పడేది. కాలక్రమంలో చైను సాగి, దానిని బిగించి ఉంచే టెన్షనర్ అరిగి, సకాలంలో గమనించకపోతే చైను జారి వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ మొత్తం నాశనమయ్యేది. పొగ బయటికి పోయే వాల్వుల కాడలు బోలుగా ఉండి, వేడిని త్వరగా లాగివేయడానికి వాటిలో సోడియం నింపి ఉండేది. పందెపు ఇంజిన్లకు తగిన ఈ పద్ధతిలో తయారైన వాల్వుల తలలు ఏళ్లు గడిచేకొద్దీ విరిగి సిలిండర్‌లో పడిన సందర్భాలు ఉన్నాయి. ఇవి నిజమైన లోపాలే. కానీ ఎస్‌ఎంకు వచ్చిన చెడ్డపేరులో వీటి పాలు ఎంత, సరైన చేతులు దొరకకపోవడం పాలు ఎంత అన్నది విడిగా చూడవలసిన ప్రశ్న. సిట్రోయెన్ షెడ్లలోని మెకానిక్‌లకు ద్రవపీడన వ్యవస్థ కొట్టినపిండి అయినా, నాలుగు కామ్‌షాఫ్ట్‌లతో, మూడు జంట కార్బ్యురేటర్లతో వచ్చిన ఇటాలియన్ ఇంజిన్‌ను చూసి జంకేవారు. మసెరాటి పనివారికి ఇంజిన్ తెలిసినా, సస్పెన్షన్ ద్రవంగా ఆకుపచ్చని ఖనిజతైలం ప్రవహించే గొట్టాలను ముట్టుకోవడానికి వెనుకాడేవారు. చైను బిగువును క్రమం తప్పక సరిచూసుకున్న కార్లు లక్షల కిలోమీటర్లు తిరిగాయన్న యజమానుల సాక్ష్యాన్ని లెక్కలోకి తీసుకుంటే, లోపం లోహంలో కంటే రెండు విద్యల మధ్య మిగిలిపోయిన ఖాళీలో ఎక్కువగా ఉన్నదని అంగీకరించవలసి వస్తుంది.

ఆ ఖాళీ పూడేలోగానే కాలం ఎదురుతిరిగింది. 1971లో 4,988 కార్లు తయారుకాగా, 1972లో ఆ సంఖ్య 4,036కు, 1973లో 2,619కి తగ్గింది. 1973 చివరి చమురు సంక్షోభంతో పెట్రోలు ధర పెరగడమే కాక, ఫ్రాన్స్ రహదారులపై వేగపరిమితులు వచ్చాయి. 1974 నవంబరులో మోటారు మార్గాలకు నిర్ణయమైన గంటకు 130 కిలోమీటర్ల హద్దు, అంతకు దాదాపు వంద కిలోమీటర్లు పైబడి పోగల కారు అసలు ప్రయోజనాన్నే ప్రశ్నార్థకం చేసింది. అదే సంవత్సరం నుంచి అమెరికాలో అమలైన బంపర్ నిబంధనలకు ఎత్తు మార్చుకునే ఈ శరీరం అనుగుణంగా లేకపోవడంతో, పెద్ద విపణి ఒకటి మూసుకుపోయింది. జీఎస్, సీఎక్స్ అనే కొత్త కార్లకూ, రోటరీ ఇంజిన్ ప్రయోగాలకూ భారీగా ఖర్చుపెట్టి చితికిన సిట్రోయెన్‌లో 1974లో ప్యూజో సంస్థ వాటా తీసుకొంది. ఎస్‌ఎం కూర్పు పని విషీ పట్టణం దగ్గరి లిజియే కార్ఖానాకు మారింది. 1974లో 294, 1975లో 115 కార్లతో మొత్తం 12,920 దగ్గర తయారీ ఆగిపోయింది. మసెరాటిని కూడా అదే ఏడాది వదిలించుకోవడంతో యజమానులకు ఇరువైపులా దిక్కులేకుండా పోయింది.

ఆ తరువాతి పదిహేనేళ్లు ఈ కారు చరిత్రలో అత్యంత దుఃఖకరమైన ఘట్టం. ఇంజిన్ మరమ్మతుకయ్యే ఖర్చు కారు ధరను మించిపోవడంతో అనేకం పెరళ్లలో తుప్పుపట్టాయి; కొన్నిటి ఇంజిన్లను ఊడదీసి, అదే కుటుంబానికి చెందిన ఇంజిన్ గల మసెరాటి మెరాక్ కార్ల కోసం విడిభాగాలుగా అమ్మివేశారు; మరికొన్నిటిలో చవకైన వేరే ఇంజిన్లు దూర్చారు. ఇటువంటి స్థితిలో కారును కాపాడింది యజమానులే. ఫ్రాన్స్, నెదర్లాండ్స్, జర్మనీ, బ్రిటన్, అమెరికాలలో ఏర్పడిన సంఘాలు కార్ఖానా మరమ్మతు పుస్తకాలను తిరిగి అచ్చువేయించి, విడిభాగాలను కొత్తగా పోతపోయించి, ఎవరికి ఏ పని తెలుసో ఒకరికొకరు తెలియజేసుకొని, రెండు కంపెనీలు చేయలేకపోయిన పనిని చేశాయి. కాలిఫోర్నియాలో ఇటువంటి నిపుణులు సిద్ధంచేసిన ఒక ఎస్‌ఎం 1980లలో బోనెవిల్ ఉప్పు మైదానంలో గంటకు 200 మైళ్లకు పైగా పరుగెత్తింది. బలహీనమని ముద్రపడిన ఆ ఇంజిన్ సంగతి తెలిసినవారి చేతిలో ఏమి చేయగలదో దానితో రుజువయింది.

ఈ నిపుణుల కృషివల్లనే నేడు ఎస్‌ఎం మరమ్మతుకు ఒక స్థిరమైన క్రమం ఏర్పడింది. సోడియం వాల్వులను తీసివేసి గట్టి ఉక్కు వాల్వులు వేయడం, ప్రధాన చైనుకు మెరుగైన టెన్షనర్ బిగించడం, వాయువు తగ్గిన గోళాలను తిరిగి నింపించడం, ద్రవాన్ని నియమిత కాలంలో మార్చడం అందులో ముఖ్యమైనవి. కారు కొనబోయేవారిని పాత యజమానులు మొట్టమొదట అడిగే ప్రశ్న కూడా దీనికి తగినట్లే ఉంటుంది: ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని కాదు, చైను చివరిసారి ఎప్పుడు, ఎవరు చూశారని. ఈ పనులు జరిగినట్లు రసీదులతో సహా చూపగలిగిన కారుకూ, కొత్త రంగుతో మెరుస్తూ కాగితాలు లేని కారుకూ ధరలో ఎంతో అంతరం ఉండటం వల్ల, యజమానులు తరతరాలుగా భద్రపరచిన మరమ్మతు నోటుపుస్తకాలు ఇప్పుడు కారుతోపాటే చేతులు మారుతున్నాయి.