టేజర్ చరిత్ర

టేజర్ అంటే దూరం నుంచి కరెంటు షాకు కొట్టి మనిషిని కొద్ది సెకన్లపాటు కదలకుండా పడగొట్టే పోలీసు ఆయుధం. పుట్టింది అమెరికాలో. అది ఒక కంపెనీ సరుకు పేరే అయినా, మనకు ఫొటోకాపీలన్నీ జిరాక్సులైనట్టు, ఈ తరహా ఆయుధాలన్నీ వాడుకలో టేజర్లయ్యాయి. తుపాకి పేల్చక తప్పని చోట ప్రాణం నిలబెట్టడానికే దీన్ని తెచ్చామని తయారీదారులూ పోలీసు శాఖలూ మొదటినుంచీ చెబుతూ వచ్చారు. కానీ కోర్టులకెక్కిన కేసులు వరుసగా చదివితే వేరే సంగతి కనిపిస్తుంది: వాటిలో చాలాచోట్ల టేజర్ లేకుంటే పోలీసు తుపాకి తీసేవాడు కాదు, ఇంకాసేపు ఓపిక పట్టేవాడు.

దీన్ని రూపొందించినది జాక్ కవర్ అనే భౌతిక శాస్త్రవేత్త. విమానాల హైజాకింగులు, నగరాల్లో అల్లర్లు అమెరికాను కుదిపేస్తున్న 1960ల చివర్లో, చంపకుండా నిలువరించే సాధనం కోసం ఆయన ప్రయోగాలు మొదలుపెట్టి 1974 నాటికి పూర్తి చేశాడు. టామ్ స్విఫ్ట్ అనే కుర్ర ఆవిష్కర్త చేతిలో విద్యుత్ తుపాకి ఉన్నట్టు రాసిన 1911 నాటి పిల్లల నవల పేరులోని మొదటి అక్షరాలు ఏరి ‘టేజర్’ అన్నాడు. ఒంటికి గుచ్చుకునే ముళ్లను విసరడానికి తొలి నమూనాలో తుపాకి మందు వాడటంతో ప్రభుత్వం దీన్ని తుపాకుల జాబితాలోనే చేర్చింది, దాంతో అమ్మకాలు సాగలేదు. 1991 మార్చిలో లాస్ ఏంజలిస్ పోలీసులు రాడ్నీ కింగ్‌ను కొట్టిన ఉదంతం లాఠీ దెబ్బలతో ప్రపంచానికి తెలిసింది. ఆ దెబ్బలకు ముందు అతని మీద టేజర్ కూడా ప్రయోగించారన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. 1993లో రిక్ స్మిత్, టామ్ స్మిత్ అనే అన్నదమ్ములు అరిజోనాలో కంపెనీ పెట్టి, తుపాకి మందుకు బదులు పీడనంలో ఉంచిన నైట్రోజన్ వాయువు వాడారు. 1999లో ఎం26, 2003లో ఎక్స్26 నమూనాలు వచ్చాక ఇది వేల పోలీసు శాఖల నడుము బెల్టుల్లోకి ఎక్కింది. ఆ కంపెనీయే 2017 నుంచి ఆక్సాన్.

ట్రిగ్గర్ నొక్కితే సన్నని తీగలతో రెండు ముళ్లు దూసుకెళ్లి బట్టల్లోనో చర్మంలోనో గుచ్చుకుంటాయి. ఒక్కో నొక్కుకు 5 సెకన్లపాటు కరెంటు విడతలు విడతలుగా పారి కండరాలు బిగుసుకుపోతాయి, మనిషి నిలువునా కూలుతాడు. పత్రికలు తరచూ రాసే 50 వేల వోల్టులు గాలిలో నిప్పురవ్వ దూకడానికి కావలసినవి; ఒంటికి తగిలేది అందులో చిన్న పాలే. అసలు చూడవలసినది ఆ అంకెను కాదు, రెండో వాడకాన్ని. ముళ్లు విసరకుండా ఆయుధాన్ని నేరుగా ఒంటికి ఆనించి నొక్కవచ్చు. అప్పుడు కండరాలు బిగుసుకోవు, నొప్పి మాత్రమే పుడుతుంది. అంటే అది ప్రమాదకారిని ఆపడం కాదు, మాట విననివాణ్ణి నొప్పితో లొంగదీయడం.

2006 నవంబరు 14 రాత్రి లాస్ ఏంజలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పావెల్ లైబ్రరీలో జరిగింది అదే. ఇరానీ సంతతి విద్యార్థి ఒకడు గుర్తింపు కార్డు చూపనన్నాడు. తన రూపం చూసే అడిగారని అతని ఆరోపణ. విశ్వవిద్యాలయ పోలీసులు వచ్చి, బేడీలు వేశాక కూడా, లేచి నిలబడమంటూ మళ్లీ మళ్లీ షాకిచ్చారు. తోటి విద్యార్థి ఫోనులో తీసిన వీడియో దేశమంతా తిరిగింది. మరుసటి ఏడాది వచ్చిన స్వతంత్ర నివేదిక, ఈ వాడకం విశ్వవిద్యాలయ నియమాలకే విరుద్ధమని తేల్చింది. 2009లో 2,20,000 డాలర్లతో రాజీ కుదిరింది. కార్డు చూపితే సరిపోయేది కదా అన్నవాళ్లున్నారు. నిజమే, అతను నిబంధన తప్పాడు. కానీ ఆ తప్పుకు లైబ్రరీ నుంచి బయటికి పంపడమే తగిన చర్య, ఇద్దరు పోలీసులు రెక్కలు పట్టుకుంటే అయిపోయే పని. లైబ్రరీ ఘటన జరిగిన 2006లోనే అదే క్యాంపస్‌లో మరో వివాదం రగులుతోంది. ప్రభుత్వ విద్యాసంస్థల ప్రవేశాల్లో జాతిని బట్టి ప్రాధాన్యం ఇవ్వరాదని 1996లో కాలిఫోర్నియా ఓటర్లు ప్రొపొజిషన్ 209 నెగ్గించారు. పదేళ్లు తిరిగేసరికి ఆ విశ్వవిద్యాలయంలో చేరతారనుకున్న సుమారు 4,850 మంది కొత్త విద్యార్థుల్లో నల్లజాతివారు 96 మంది. (209కి ముందు ఇచ్చిన ఆ ప్రాధాన్యం, అక్కడి మాటలో అఫర్మేటివ్ యాక్షన్, మన రిజర్వేషన్లలా సీట్ల కోటా కాదు, కోటాలను సుప్రీంకోర్టు 1978లోనే కొట్టేసింది.) ప్రవేశాల అధికారి విచక్షణను అక్షరాలా కట్టేసిన రాష్ట్రం, పోలీసు విచక్షణకు మాత్రం షాకు యంత్రం అందించి, హద్దులు ఒక్కో శాఖ ఇష్టానికి వదిలేసింది.

టేజర్ సమర్థకుల వాదనలో బలం లేకపోలేదు. 12 పోలీసు శాఖల్లో 24 వేలకు పైగా బలప్రయోగ ఘటనలను పరిశీలించిన 2011 నాటి ప్రభుత్వ అధ్యయనం, టేజర్ వాడినచోట అనుమానితుల గాయాలు తగ్గాయని చూపింది. పెనుగులాటతో, లాఠీతో పోలిస్తే ఇది మేలే. అయితే లైబ్రరీలో టేజర్‌కు పోటీ లాఠీ కాదు, ఐదు నిమిషాల ఓర్పు. ఆ పోలికను ఏ గాయాల పట్టికా చూపలేదు. మరణాల వాదనా ఇలాంటిదే. 2001 నుంచి 2008 ఆగస్టు వరకు టేజర్ దెబ్బ తరవాత చనిపోయిన 334 మందిని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ లెక్కగట్టింది. వారిలో దాదాపు 90 శాతం నిరాయుధులు. వాళ్లు పోయింది మాదకద్రవ్యాలవల్ల, గుండె జబ్బులవల్ల అని కంపెనీ వాదించింది. కొన్ని మరణాల్లో అది నిజమే కావచ్చు. కాని పోలీసులు వీధిలో ఎదుర్కొనేది ఎక్కువగా అలాంటి ఒంటితీరు ఉన్నవాళ్లనే. 2009లో కంపెనీయే ఛాతీకి గురిపెట్టకపోవడం మంచిదని సూచించింది. ఇక ఆయుధాలు తారుమారైన ఘటనలున్నాయి: 2009 కొత్త సంవత్సరం నాడు ఓక్లాండ్‌లో ఆస్కార్ గ్రాంట్, 2021 ఏప్రిల్‌లో మిన్నెసోటాలో డాంటే రైట్ పోలీసు తూటాకు గురయ్యారు. రెండు కేసుల్లోనూ టేజర్ అనుకుని పిస్తోలు పేల్చామన్నారు పోలీసులు.

క్షణాల్లో తీసుకునే నిర్ణయాలను తీరిగ్గా కూర్చుని తప్పుపట్టకూడదన్నది పోలీసుల చివరి వాదన. కోర్టులకొచ్చిన కేసులు చూస్తే ఆ తొందర ఎక్కడా కనబడదు. 2004లో సియాటెల్‌లో ఏడు నెలల గర్భిణి అతివేగం చలానా మీద సంతకం పెట్టనందుకు, కారులో కూర్చుని ఉండగానే మూడుసార్లు షాకిచ్చారు. 2005లో కాలిఫోర్నియాలో సీటు బెల్టు కోసం ఆపిన నిరాయుధ యువకుడు కారు దిగి దూరంగా నిలబడితే టేజర్ ప్రయోగించారు. కిందపడి నాలుగు పళ్లు విరిగాయి. రెండింటిలోనూ అప్పీలు కోర్టు అది మితిమీరిన బలమే అంది. అయినా ఘటన నాటికి చట్టం స్పష్టంగా లేదంటూ పోలీసులకు పరిహార బాధ్యత తప్పించింది. 2011లో నార్త్ కరోలినాలోని పైన్‌హర్స్ట్‌లో, ఆస్పత్రికి తిరిగి తీసుకెళ్లవలసిన మానసిక రోగి బోర్డు స్తంభాన్ని పట్టుకుని వదలనంటే, రెండు నిమిషాల్లో ఐదుసార్లు షాకిచ్చారు. అతను కాసేపటికే చనిపోయాడు. 2016లో నాలుగో సర్క్యూట్ అప్పీలు కోర్టు అతని కుటుంబానికి పరిహారం నిరాకరిస్తూనే, తక్షణ ప్రమాదం లేనిచోట కేవలం ప్రతిఘటనకు టేజర్ వాడటం రాజ్యాంగ విరుద్ధమని, ఇకమీదట చట్టం తెలియదనే సాకు చెల్లదని ప్రకటించింది.