గ్రిడ్ అందని చోట చలి నిల్వ: ఒక చారిత్రక పరిశీలన

తెల్లాపూర్‌లో కరెంటు పోయినప్పుడు మా ఇంటి ఇన్వర్టర్ ఫ్యాన్లను, దీపాలను నడుపుతుంది. ఫ్రిజ్‌ను నడపలేదు. నడిచేటప్పుడు ఫ్రిజ్ వాడే కరెంటు తక్కువే. కాని కంప్రెసర్ మోటారు కదిలే క్షణంలో అంతకు అనేక రెట్లు లాగుతుంది. చిన్న ఇన్వర్టర్ అక్కడే ఆగిపోతుంది. ఈ ఇబ్బందిని వేర్వేరు కాలాల్లో ఎలా దాటారో ఈ భాగంలో చూద్దాం.

మొదటి మార్గం కరెంటునే వదిలేయడం. 1922లో స్వీడన్‌కు చెందిన ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థులు, బాల్ట్‌జార్ వాన్ ప్లాటెన్, కార్ల్ మంటర్స్, కంప్రెసర్ లేని ఫ్రిజ్‌ను రూపొందించారు. అమ్మోనియా ద్రావణాన్ని వేడి చేస్తే చాలు, లోపల చల్లబడుతుంది. ఆ వేడిని కిరోసిన్ దీపమూ ఇవ్వగలదు. మంటతో చలి పుట్టించడం వినడానికి వింతగానే ఉంటుంది! కరెంటు లేని ఆరోగ్య కేంద్రాలలో టీకాలను కాపాడినవి ఈ ఫ్రిజ్‌లే. అయితే వత్తి కత్తిరించాలి, మసి తుడవాలి, మంటను సరిచూసుకోవాలి. టీకాలకు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య చలి కావాలి. వేడెక్కితే చెడేవి కొన్నయితే, ధనుర్వాతం టీకా వంటివి గడ్డకట్టినా చెడతాయి.

భారతదేశంలో 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలయింది. గోడల చుట్టూ మంచు పొర ఉండే ఫ్రిజ్‌లు ఇందులో కీలకమయ్యాయి. రోజుకు 8 గంటలు కరెంటు ఉంటే చాలు, మిగతా సమయాన్ని మంచే నెట్టుకొస్తుంది. కోతలకు అలవాటుపడిన మన పల్లెలకు ఇంతకన్నా సరిపోయే యంత్రం లేదని నా అభిప్రాయం.

సౌర ఫ్రిజ్‌లు 1980లలో వచ్చాయి. పలకలు బాగానే పనిచేసినా బ్యాటరీలు కొన్నేళ్లకే చచ్చిపోయేవి. కొత్తవి కొనే డబ్బు లేక ఫ్రిజ్ మూలన పడేది. తర్వాతి నమూనాలలో బ్యాటరీ తీసేసి, పగటి ఎండతో నేరుగా కంప్రెసర్ నడిపి, రాత్రికి మంచు దాచారు. నిల్వ చేయవలసింది కరెంటును కాదు, చలిని అని గుర్తించడానికి ఇన్నేళ్లు పట్టింది.

మా పక్కనే పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ ఉంది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ విత్తనాలను దీర్ఘకాలం కోసం అక్కడ మైనస్ 20 డిగ్రీల గదులలో దాస్తారు. వాటిలో కొన్ని రకాలు పొలాలలో ఇక దొరకవు. బయట వేసవి ఎండ 40 డిగ్రీలు దాటే చోట ఆ గదులకు జనరేటర్ అండ ఉండవలసిందే. 2008లో తెరిచిన నార్వేలోని స్వాల్‌బార్డ్ విత్తన భాండాగారంలో కూడా ఇక్రిశాట్ విత్తనాల నకళ్లు ఉన్నాయి. అక్కడ యంత్రాలు ఆగినా చుట్టూ ఉన్న నేల గడ్డకట్టే ఉంటుంది.

అభ్యాసం: మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కరెంటు లేని గంటలలో టీకాలను ఎలా కాపాడుతున్నారో అక్కడి సిబ్బందిని అడిగి, పది వాక్యాలలో రాయండి.